అమ్మాయి జర్నలిజం చదువుతానంటే...

"అమ్మా! నేను జర్నలిజం చదువుతాను."

2022 వేసవిలో, మాగాయకి తరిగిన ముక్కలు డాబా మీద ఎండబోస్తుంటే మా పెద్దమ్మాయి మెల్లిగా పక్కన చేరి అన్న మాట ఇది. ముక్కలు చేతిలోనే ఉండిపోయాయంటే నమ్మండి! బి.కాం. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల, బ్యాంకు పరీక్షలు రాస్తుందని మేం ఆశపడుతున్నాం. ఇదేమిటి కొత్తగా?

మాది తెనాలి. మావారికి చిన్న ఎరువుల కొట్టు ఉంది. నేను ఇంటర్‌తో చదువాపేసి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. జర్నలిస్టంటే నాకు తెలిసిందల్లా భుజాన సంచీ, చేతిలో మైకు, ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి పరిగెత్తడం. అంతే!

రాత్రి భోజనాల దగ్గర విషయం కదిపితే మా అత్తయ్యగారు, "ఆడపిల్ల అర్ధరాత్రిళ్ళు పేపరాఫీసులో కూర్చుంటుందా? రేపు సంబంధాలెలా వస్తాయే?" అన్నారు. మావారు మాత్రం ఒక్కటే అడిగారు. "చదివితే ఉద్యోగం వస్తుందా, రాదా?"

ఆ ప్రశ్నకి ఆ రోజు మా అమ్మాయి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. జవాబు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. మధ్యలో కొంత డబ్బు పోయింది, కొన్ని కన్నీళ్ళూ పోయాయి. మీ ఇంట్లో కూడా ఏ పిల్లో, పిల్లాడో ఈ మాట అంటే మాలాగా తడుముకోకుండా ఉంటారని ఇదంతా రాస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ చదువు?

పేర్లు రకరకాలుగా ఉంటాయి. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం... ఏ పేరు పెట్టినా అసలు సంగతి ఒకటే. ఒక విషయాన్ని తెలుసుకుని, నిజమో కాదో చూసుకుని, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం. రాసి చెప్పినా, మాట్లాడి చెప్పినా, బొమ్మలో చూపించినా అంతే.

మొదట్లో నాకిది అర్థం కాలేదు. "చెప్పడానికి కూడా చదువెందుకే?" అన్నాను. దానికి మా అమ్మాయి ఏమందో తెలుసా? "నువ్వు పత్రికకి వంటకం రాసి పంపేటప్పుడు 'ఉప్పు తగినంత' అని రాస్తావు కదమ్మా. నీకు తెలుసు ఎంతో. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్లకి ఎలా తెలుస్తుంది?" అంది. నిజమే కదూ! అప్పట్నించీ నేను చెంచా లెక్క రాస్తున్నాను.

మన తెలుగు నేల మీద ఈ చదువు కొత్తదేం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం వారి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ 1965లో వచ్చింది. 2024లో దానికి డీమ్డ్ యూనివర్సిటీ హోదా కూడా ఇచ్చారు. మనకి దగ్గర్లో చూసుకుంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, మా గుంటూరు వైపు నాగార్జున యూనివర్సిటీ, హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం... వీటన్నిటిలో ఈ శాఖలున్నాయి. ఆడపిల్లని ఆడపిల్లల మధ్యే చదివించాలనుకునే తల్లిదండ్రులకి తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. 1983లో మొదలైన ఆ యూనివర్సిటీలోనూ ఈ శాఖ ఉంది.

ఏ డిగ్రీ చదివినవారైనా పీజీలో చేరొచ్చు. రెండేళ్ళు. బి.కాం. చదివిన మా పిల్లకి అదే పనికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ అని ప్రవేశపరీక్షలుంటాయి. ఇవి కాక పెద్ద తెలుగు పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్ళు నడుపుతుంటాయి. రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి కొద్దిమందినే తీసుకుంటారు. ఎదురు ఫీజు కట్టక్కర్లేదు సరికదా, నేర్చుకునే రోజుల్లో వాళ్ళే నెలకింతని భృతి ఇస్తారు. కాకపోతే ఇన్నేళ్ళు మా దగ్గరే పనిచెయ్యాలని ఒప్పందం రాయించుకుంటారు. ఆ కాగితం చదవకుండా మాత్రం సంతకం పెట్టనివ్వకండి.

మేం చేసిన పొరపాటు

ఇవేవీ మాకు ముందు తెలియవు. పీజీ ప్రవేశపరీక్షకి ఇంకా టైముందని, ఈలోగా ఖాళీగా ఉండటమెందుకని, ఓ ప్రైవేటు సంస్థ ప్రకటన చూసి అక్కడ చేర్పించాం. మూడు నెలల్లో టీవీ యాంకర్ని చేస్తారట! ఉద్యోగం గ్యారంటీ అట! నా చీటీ డబ్బు 45,000 రూపాయలు పట్టుకెళ్ళి కట్టాను. బంగారు గాజులు మార్చి కొత్తవి చేయించుకుందామని రెండేళ్ళు కట్టిన చీటీ అది.

మొదటివారం లైట్లు, కెమెరా, మేకప్పు... ఫోటోలు తీసి ఇచ్చారు. పిల్ల మురిసిపోయింది. ఆ తరవాత పాఠాలు చెప్పేవాళ్ళు రోజుకొకరు మారేవారు. నెల తిరిగేసరికి సగం రోజులు క్లాసులే లేవు. చివరికి చేతిలో రంగు సర్టిఫికెట్టు పెట్టి, ఒక చిన్న ఛానల్లో జీతం లేకుండా ఆరునెలలు పనిచెయ్యమన్నారు. అదేనట వాళ్ళు చెప్పిన ఉద్యోగం!

మా అమ్మాయి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మావారు నన్నొక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. తరవాత ఆలోచిస్తే తప్పెక్కడుందో తెలిసింది. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, బియ్యం కొనేటప్పుడు గుప్పిట్లో పోసి చూస్తాం. అక్కడ చదివిన ఒక్క పిల్లనైనా "నువ్విప్పుడు ఎక్కడ పనిచేస్తున్నావమ్మా?" అని అడక్కుండా డబ్బెలా కట్టాం?

ఆ వెంటనే ప్రవేశపరీక్షకి గట్టిగా చదివి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. ఫీజూ, హాస్టలూ కలిపినా నెలనెలా మేం మోయగలిగినంతే అయింది.

యాంకరొక్కటే ఉద్యోగం కాదు

ఈ చదువనగానే అందరికీ తెరమీద మొహమే గుర్తొస్తుంది. మన చిన్నప్పుడు దూరదర్శన్‌లో వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారిని మర్చిపోగలమా? 1983 నవంబరు 14న ఆయన తెలుగులో మొదటిసారి టీవీ వార్తలు చదివారు. 2024 ఏప్రిల్‌లో కాలం చేశారు. ఎదురుగా అక్షరాలు కదిలే టెలీప్రాంప్టర్ లేని రోజుల్లో, కాగితం ముందే క్షుణ్ణంగా చదువుకుని, మన కళ్ళలోకి చూస్తున్నట్టు చెప్పేవారు. అందం చూసి కాదు, ఆ ఉచ్చారణ కోసం, ఆ నింపాది కోసం కూర్చుని వినేవాళ్ళం.

కానీ ఏ ఛానల్లో అయినా తెరమీద కనిపించేవాళ్ళు కొందరే. వెనకాల పనిచేసేవాళ్ళు చాలామంది. మా అమ్మాయితోపాటు చదివినవాళ్ళు ఇప్పుడెక్కడెక్కడ ఉన్నారో చెబితే మీకే తెలుస్తుంది.

ఒకమ్మాయి ఛానల్లో వార్తలు రాసే డెస్కులో ఉంది. యాంకర్లు చదివే ప్రతి వాక్యం ఇలాంటి పిల్లలు రాసిందే. ఇంకో అమ్మాయి ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో పౌర సంబంధాల విభాగంలో చేరింది. రోగులకిచ్చే కరపత్రాలు, డాక్టర్ల ప్రెస్‌మీట్లు, ఆస్పత్రి గురించి పత్రికలకి పంపే ప్రకటనలు అన్నీ చూస్తుంది. ఒకబ్బాయి హైదరాబాదులో ప్రకటనల ఏజెన్సీలో ఉన్నాడు. ఇంగ్లీషులో తయారైన సబ్బుల, నూనెల ప్రకటనలని తెలుగులోకి మారుస్తాడు. ఇంకొకడు వెబ్ సిరీసులకి కింద వచ్చే తెలుగు అక్షరాలు, అదే సబ్‌టైటిల్స్ రాస్తాడు. పల్లెటూళ్ళలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరిన అమ్మాయి అక్కడి ఆడవాళ్ళ కథలు రాసి, వీడియోలు తీస్తుంది. ఇద్దరు మాత్రం ఈ రంగమే వదిలేసి బ్యాంకు పరీక్షలకి కూర్చున్నారు. అదీ దాచకుండా చెప్పాలి కదా!

ప్రభుత్వంలో కూడా దారులున్నాయి. రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖలో ఉద్యోగాలుంటాయి. జిల్లా కలెక్టరు గారి కార్యక్రమాల వార్తలు పత్రికలకి పంపే డీపీఆర్వోలు ఈ శాఖవాళ్ళే. కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు ఉంది. నెట్ పరీక్షలో మాస్ కమ్యూనికేషన్ అని ఒక సబ్జెక్టుంది. అది పాసైతే కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత వస్తుంది. అయితే సర్కారు ఉద్యోగాల ప్రకటనలు ఎప్పుడో గాని రావు. వాటినే నమ్ముకుని ఏళ్ళకేళ్ళు కూర్చుంటే మాత్రం కష్టం.

ఆకాశవాణి సంగతి కూడా చెప్పుకోవాలి. మా విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆకాశవాణి కేంద్రాలు అప్పుడప్పుడూ క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన ఇస్తుంటాయి. రాతపరీక్ష, గొంతు పరీక్ష పెడతారు. ఇది నెలజీతం ఉద్యోగం కాదు. నెలలో కొన్ని డ్యూటీలే ఇస్తారు, డ్యూటీకింతని డబ్బిస్తారు. చదువుకునే పిల్లలకీ, కొంచెం తీరిక దొరికే మనలాంటి ఇల్లాళ్ళకీ నప్పే పని.

"బడింది, బడింది" అని రాస్తే...

యూనివర్సిటీ చదువయ్యాక మా అమ్మాయి ఒక పత్రికలో సబ్ ఎడిటరు పరీక్షకి వెళ్ళింది. సబ్ ఎడిటరంటే రిపోర్టర్లు పంపిన వార్తల్ని సరిదిద్ది, ఇంగ్లీషులో వచ్చినవాటిని తెలుగు చేసి, హెడ్డింగు పెట్టి, పేజీలో సర్దేవాళ్ళన్నమాట. మా పిల్లకి మార్కులు బాగా వచ్చాయి, సర్టిఫికెట్టుంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

పరీక్షలో తప్పింది!

ఇంగ్లీషు వార్త ఇచ్చి తెలుగు చెయ్యమన్నారట. ఇది ఏం రాసిందో ఇంటికొచ్చి చూపించింది. "వంతెన మంత్రిచేత ప్రారంభించబడింది. అనంతరం మొక్కలు నాటబడ్డాయి" అని ఉంది. కూరలు తరుగుతున్న మా అత్తయ్యగారు విని, "ఎవరు పడ్డారే? మంత్రిగారా?" అన్నారు. నవ్వాపుకోలేకపోయాను గానీ, విషయం అక్కడే తేలింది. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ, రాస్తే ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది.

ఇక చూడండి, ఆ రోజు నుంచీ మా వంటిల్లే బడి అయిపోయింది. పొద్దున్న ఇంగ్లీషు పేపర్లో ఒక వార్త తీసుకుని తెలుగులో రాసేది. మధ్యాహ్నం మా అత్తయ్యగారి ముందు కూర్చుని చదివేది. ఆవిడ ఐదో తరగతి వరకే చదివారు. కానీ చెవి మాత్రం గట్టిది. ఎక్కడ ఆవిడ "ఆఁ?" అంటే అక్కడ వాక్యం సరిగా లేనట్టు లెక్క. కొట్టేసి మళ్ళీ రాసేది. "మంత్రి వంతెన ప్రారంభించారు. తరవాత మొక్కలు నాటారు." ఇంతే కదా! దీనికి ఎంత మెలితిప్పుడో అంతకుముందు!

పాత వారపత్రికలు అటకమీంచి దింపాను. కథలు, వ్యాసాలు పైకి చదివించాను. కంప్యూటర్లో తెలుగు టైపింగు అదే పట్టుగా నేర్చుకుంది. అను ఫాంట్లూ, యూనికోడూ రెండూ రావాలట. ఊళ్ళో కాలవ పూడిక గురించి, మా వీధి చివర అట్లు పోసే ఆవిడ గురించి, రైతుల ఎరువుల ఇబ్బందుల గురించి సొంతంగా రాసి, ఫోటోలు తీసి ఒక ఫైలు తయారు చేసుకుంది. అచ్చైనవి రెండే. మిగతావి అచ్చుకాలేదు. అయినా ఫైల్లో పెట్టింది.

నాలుగు నెలల తరవాత ఇంకో పత్రికలో పరీక్ష రాసి నెగ్గింది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టు ఒక నిమిషం చూసి పక్కన పెట్టారట. ఆ ఫైలు మాత్రం పావుగంట తిరగేశారట. అట్లావిడ మీద రాసింది అక్కడ కూర్చునే చదివారట!

మావారి ప్రశ్నకి జవాబు ఇదీ. ఈ చదువు ఉద్యోగం ఇవ్వదు. ఉద్యోగం దాకా తీసుకెళ్ళి వదిలిపెడుతుంది. లోపలికి తీసుకెళ్ళేది మాత్రం భాషా, చేసి చూపించిన పనీ.

జీతం మాటేమిటి?

అందరూ అడగాలనుకుని అడగలేని ప్రశ్న ఇది. మా అమ్మాయి మొదటి జీతం నెలకి 16,000 రూపాయలు. విజయవాడలో ఉమెన్స్ హాస్టలుకి 6,500 పోతుంది. తెనాలి నుంచి రైల్లో గంట లోపే అయినా, అర్ధరాత్రి డ్యూటీ దిగి రాలేదు కదా, అందుకే హాస్టలు. దానితో బి.కాం. చదివి సాఫ్ట్‌వేరు వైపు వెళ్ళిన పిల్లలకి ఇంతకి రెండింతలు వస్తోందని మా ఆడపడుచు గుర్తుచేస్తూనే ఉంటుంది! పౌర సంబంధాల్లోకీ, ప్రకటనల్లోకీ వెళ్ళిన వాళ్ళకి పత్రికలకన్నా కాస్త నయం. పేరున్న పెద్ద కంపెనీల్లో పని దొరికి, ఇంగ్లీషు కూడా బాగా వస్తే ఇంకా నయం.

ఊళ్ళలో వార్తలు పంపే కంట్రిబ్యూటర్ల సంగతి వేరు. వాళ్ళలో చాలామందికి నెలజీతమంటూ ఉండదు. అచ్చైన వార్తని బట్టి లైన్ అకౌంట్ అని కొద్దిగా ఇస్తారు. ఇంకేదో వ్యాపారమో, వ్యవసాయమో ఉన్నవాళ్ళే అది చెయ్యగలరు. మీ అబ్బాయి "నాకు విలేకరి కార్డిచ్చారు" అని ఎగిరి గంతేస్తే, కార్డుతో పాటు జీతమెంతో కూడా అడగండి. కార్డు కోసం ఎదురు డబ్బు కట్టమంటే అసలు ఆ గుమ్మం తొక్కనివ్వకండి.

రాత్రి డ్యూటీ

ఉద్యోగం వచ్చింది సరే, మా అత్తయ్యగారి భయం అలాగే ఉంది. పొద్దున్నే కాఫీతో పాటు మన గుమ్మంలో పేపరు పడాలంటే ఎవరో ఒకరు రాత్రి మేలుకోవాలి కదా! మా అమ్మాయి సాయంత్రం నాలుగింటికి వెళితే డ్యూటీ దిగేసరికి పన్నెండు దాటుతుంది. మొదటి నెల నేను ఫోను పక్కన పెట్టుకుని, అది హాస్టలు చేరానని చెప్పేదాకా నిద్రపోలేదు. ఆఫీసు వాళ్ళు కారులో గేటు దగ్గర దింపుతారు. చేరే ముందే అది అడిగి, కాగితం మీద రాయించుకుని మరీ చేరింది.

ఇక్కడ చట్టం సంగతి మనం తెలుసుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి దేశంలో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 7 గంటల తరవాత ఆడవాళ్ళు పనిచెయ్యాలంటే వాళ్ళ అంగీకారం ఉండాలి, వాళ్ళ భద్రత యజమాని చూసుకోవాలి. ఉద్యోగంలో పెట్టుకున్న ప్రతివారికీ నియామక పత్రం ఇవ్వాలి. నోటిమాట మీద చేర్చుకోవడం కుదరదు.

ఇంకో చట్టం 2013లో వచ్చింది. పదిమందో, అంతకన్నా ఎక్కువమందో పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆడమనిషే అధ్యక్షురాలుగా ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన మొదటివారంలోనే కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పండి. కష్టం వచ్చాక వెతుక్కోవడం కన్నా ముందే తెలిసుండటం మంచిది. పెళ్ళయ్యాక పనికొచ్చేది ఇంకొకటుంది. 2017లో చట్టం సవరించినప్పటి నుంచీ మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు వస్తుంది. అంతకుముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి.

యంత్రాలొచ్చాక?

ఈ మధ్య అందరూ అడిగేది ఇదే. "కంప్యూటరే రాసేస్తోందిట కదా, మీ అమ్మాయి ఉద్యోగం ఉంటుందా?" అని. 2024 మే నెలలో దూరదర్శన్ వాళ్ళ డీడీ కిసాన్ ఛానల్లో మనుషులు కాని ఇద్దరు యాంకర్లు వచ్చారు. క్రిష్ అని ఒకరు, భూమి అని ఒకరు. ఇద్దరూ కంప్యూటరు తయారుచేసిన బొమ్మలే!

మా అమ్మాయి ఆఫీసులో కూడా ఇంగ్లీషు వార్తని ముందు యంత్రమే తెలుగు చేస్తుంది. తరవాత వీళ్ళు దిద్దుతారు. ఒకరోజు ప్రచారం మొదలుపెట్టారనే అర్థంలో ఇంగ్లీషులో 'కిక్ ఆఫ్' అని ఉంటే, యంత్రం "మంత్రిగారు ప్రచారాన్ని తన్నారు" అని రాసిందిట! చూసుకోకుండా అచ్చేస్తే ఎవరి ఉద్యోగం పోయేదో చెప్పక్కర్లేదు. అంటే, ఊరికే మార్చి రాసే పని తగ్గిపోతోంది. తప్పు పట్టుకోగల మనిషీ, వీధిలోకి వెళ్ళి నాలుగు మాటలు కనుక్కుని రాగల మనిషీ ఇంకా కావాలి. అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను, భాష గట్టిగా ఉండాలి.

ఈ రంగంలో నిలకడ తక్కువన్న మాట కూడా దాచకూడదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎంతో చరిత్ర ఉన్న ఆంధ్రభూమి అచ్చు ఆగిపోయింది. అప్పుడు చాలా పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి. కాబట్టి ఒక్క పనే నేర్చుకుని కూర్చోకూడదట. రాయడంతో పాటు వీడియో కత్తిరించడం, మైకు ముందు మాట్లాడటం కూడా మా అమ్మాయి నేర్చుకుంటోంది.

పట్టా లేకపోయినా...

ఇదంతా చదివి "మాకెందుకులే, మేం ఇంటర్ దాటలేదు" అనుకునే అక్కచెల్లెళ్ళకి ఒక మాట. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికని నాలుగు దశాబ్దాలకి పైగా నడిపారు. వంటలు, ఆరోగ్యం, కాపురం కష్టాలు... ఏది అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పేవారు. జర్నలిజం పట్టా చూసి కాదు కదా లక్షల ఇళ్ళలో ఆవిడ మాట విన్నది!

అంతదూరం ఎందుకు? జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే ఊళ్ళో 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళది. పొలం పనులు చేసుకునే దళిత స్త్రీలే దాన్ని నడిపారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, పాటల గురించి తమ యాసలోనే చెప్పారు. చెప్పవలసిన విషయం ఉండి, వినేవాళ్ళ మీద గౌరవం ఉంటే చాలు. చదువు దానికి మెరుగు పెడుతుంది.

మీ పిల్లలు చేరేముందు ఇవి అడగండి

కోర్సులో చేరేముందు: ఇది ఏ యూనివర్సిటీ గుర్తింపు ఉన్న కోర్సు? నిరుడు చదివినవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్ళలో ఇద్దరితో మాట్లాడొచ్చా? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు?

ఉద్యోగంలో చేరేముందు: నియామక పత్రం ఇస్తారా? ప్రావిడెంట్ ఫండ్ ఉందా? రాత్రి డ్యూటీ అయితే ఇంటిదాకా వాహనం ఉందా? వారానికి ఒకరోజు సెలవు తప్పకుండా ఉందా? ఒప్పందం ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి?

ఇంట్లో మనం అడగవలసింది: ఈ వారం ఏం రాశావు? ఏదీ, చదివి వినిపించు!

పెళ్ళిచూపులు

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న మాఘమాసంలో మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. అబ్బాయి సాఫ్ట్‌వేరు. కాఫీలయ్యాక అబ్బాయి తల్లిగారు మెత్తగానే అడిగారు. "పెళ్ళయ్యాక ఈ రాత్రి డ్యూటీలు మానేస్తావు కదమ్మా?" అని.

నా గుండె దడదడలాడింది. "ఊఁ" అనెయ్యవే తల్లీ, తరవాత చూసుకుందాం అని మనసులో అనుకున్నాను. అబద్ధమెందుకు, నిజంగా అలాగే అనుకున్నాను. మా అమ్మాయి మాత్రం తల వంచుకోకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. "డెస్కులో పని రాత్రే ఉంటుందండీ. ఇప్పుడు మానేస్తానని చెప్పి తరవాత వెళితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. కొన్నాళ్ళకి పగటి పని ఉండే విభాగానికి మారే వీలుంటుంది. మారేదాకా ఇలాగే."

ఆవిడ ఏమీ అనలేదు. మళ్ళీ కబురు చేస్తామన్నారు. నేనిది రాసేనాటికి ఇంకా కబురు రాలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను మా అత్తయ్యగారి మొహం చూడలేకపోయాను. "రేపు సంబంధాలెలా వస్తాయే?" అని మూడేళ్ళ క్రితం అన్నది ఆవిడే కదా! ఆవిడ వక్క కత్తిరించుకుంటూ, "అబద్ధం చెప్పి ఇచ్చిన పిల్ల ఏం సుఖపడుతుందే? దానికి నిజం రాసే ఉద్యోగమిచ్చి, నోటితో అబద్ధం చెప్పమంటామా?" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఇది చదివేవాళ్ళలో ఆడపిల్లల తల్లులే కాదు, రేపు కోడల్ని తెచ్చుకోబోయే అత్తగార్లు కూడా ఉంటారు. మీ ఇంటికి ఇలాంటి పిల్ల సంబంధం వస్తే, డ్యూటీ ఎప్పుడు మానేస్తావని అడిగేముందు, ఏం పని చేస్తావమ్మా అని ఒక్కసారి అడిగి చూడండి.

మా అమ్మాయి వారం సెలవుకి వచ్చినప్పుడు పొద్దున్న పదింటిదాకా నిద్రపోతుంది. ఒకప్పుడు ఈ ఇంట్లో కోడలిగా నేను ఆరింటికి లేస్తే ఆలస్యమనిపించుకున్నదాన్ని. ఇప్పుడు మా అత్తయ్యగారే వంటింట్లోకి వచ్చి, "ఆ కుక్కరు కాసేపాగి పెట్టవే, కూతకి పిల్ల లేస్తుంది" అంటున్నారు.